ఘాటే చిరునామా

ఏప్రిల్ నెలాఖరు. ఇంగ్లండ్ వాయవ్యాన చెషైర్ కౌంటీలో, వాగు పక్కన ఒక పచ్చిక బయలు. చలికాలమంతా నీళ్లు నిలిచిన నేల కాబట్టి ఇప్పటికీ అడుగు వేస్తే బూటు కింద చిత్తడి నలుగుతుంది. గడ్డి ఇంకా ఏపుగా ఎదగలేదు. దాని మధ్య నుంచి జానెడు, మూరెడు కాడలు లేచి, చివర్లలో లేత ఊదా పూలగుత్తులు విచ్చుకున్నాయి. దూరం నుంచి చూస్తే తెల్లవారుజామున కమ్మిన మంచు కొంత అక్కడే ఆగిపోయినట్టుంటుంది.

దగ్గరికి వెళ్లి ఒక గుత్తిని వేలితో పక్కకు వంచితే, పువ్వు కింది తొడిమకు అంటుకుని నారింజ రంగు చుక్క ఒకటి కనిపించవచ్చు. నువ్వుగింజలో సగం కూడా ఉండదు. కోలగా, నిలువు గీతలతో, నిలబెట్టిన చిన్న సీసాలా ఉంటుంది. అది ఒక సీతాకోకచిలుక గుడ్డు. సాధారణంగా గుత్తికి ఒకటే పెడుతుంది.

ఇంత గడ్డిలో, ఇన్ని మొక్కల్లో ఆ సీతాకోకచిలుక ఈ మొక్కనే ఎలా పోల్చుకుంది? ఒక్క గుడ్డుతోనే ఎందుకు సరిపెట్టుకుంది? మొదటి ప్రశ్నకు జవాబు కావాలంటే తెలుగువాళ్ల వంటింట్లో, ఆవ నూరే రోలు దగ్గరికి రావాలి. ఎందుకంటే ఈ పువ్వు ఆవాల కుటుంబానిది.

కోకిల కూసే వేళ

శాస్త్రీయ నామం కార్డమైన్ ప్రటెన్సిస్. ప్రటెన్సిస్ అంటే లాటిన్‌లో పచ్చిక బయలుకు చెందినది. 1753లో లినేయస్ ఈ పేరు పెట్టాడు. ఇంగ్లిష్ జనం మాత్రం అంతకు చాలా ముందు నుంచే దీన్ని కుకూ ఫ్లవర్ అని పిలుచుకుంటున్నారు.

కుకూ అంటే మన కోయిలకు యూరప్ బంధువు. రెండూ ఒకే కుటుంబపు పక్షులు. పరాయి గూట్లో గుడ్డు పెట్టి చేతులు దులుపుకోవడం రెండింటికీ ఉన్న అలవాటే. కుకూ చలికాలాన్ని ఆఫ్రికాలో, కాంగో అడవుల ప్రాంతంలో గడిపి, ఏప్రిల్ మధ్య నుంచి నెలాఖరులోగా బ్రిటన్ చేరుతుంది. సరిగ్గా అప్పుడే ఈ పువ్వు పూస్తుంది. మామిడి పూత, కోయిల కూత కలిస్తే మనకు ఉగాది వచ్చినట్టు ఎలాగో, చిత్తడి పచ్చికలో ఊదా పువ్వు, చెట్ల మీద కుకూ గొంతు కలిస్తే అక్కడివాళ్లకు వసంతం వచ్చినట్టు.

జాన్ జెరార్డ్ అనే వైద్యమూలికల పండితుడు 1597లో అచ్చువేసిన తన పెద్ద మొక్కల పుస్తకంలో ఈ సంగతే రాశాడు: ఏప్రిల్, మే నెలల్లో, కుకూ తడబడకుండా కూయడం మొదలుపెట్టే రోజుల్లో ఇది పూస్తుందని. తన పుట్టిన ఊరైన చెషైర్‌లోని నాంట్‌విచ్‌లో దీన్ని లేడీస్ స్మాక్ అంటారనీ చెప్పాడు. స్మాక్ అంటే ఆడవాళ్లు లోపల తొడుక్కునే పొడవాటి చొక్కా. పచ్చిక మీద తెల్లగా పరుచుకున్న ఈ పూలు ఎవరికో చాకిరేవు పక్కన ఆరేసిన బట్టల్లా కనిపించి ఉంటాయి. షేక్‌స్పియర్ 'లవ్స్ లేబర్స్ లాస్ట్' నాటకం చివర వచ్చే వసంతగీతంలో ఈ పువ్వూ ఉంది, కుకూ కూడా ఉంది. జెరార్డ్ తర్వాత నాలుగు వందల ఏళ్లకు, 2002లో ప్లాంట్‌లైఫ్ అనే సంస్థ బ్రిటన్‌లో ఒక్కో కౌంటీకి ఒక్కో పువ్వును ఎంచుకోమని జనాన్ని అడిగితే, చెషైర్ వాటాకు వచ్చింది ఇదే.

జర్మన్లు దీన్ని పచ్చిక నురగ మొక్క అనే అర్థం వచ్చేలా వీసెన్‌షౌమ్‌క్రౌట్ అంటారు. 2006లో ఆ దేశపు 'ఈ ఏటి పువ్వు' ఇదే. డచ్ వాళ్లు పెంతెకొస్తు పండగ పేరుతో పింక్‌స్టర్‌బ్లూమ్ అంటారు. జర్మన్ పేరులోని నురగకు ఒక కారణం చెబుతారు. ఈ కాడల మీద తరచుగా ఉమ్మిలాంటి నురగ ముద్దలు కనిపిస్తాయి. ఆ నురగ కుకూ ఉమ్మి అని ఒకప్పటి నమ్మకం. ఇంగ్లిష్‌లో ఇప్పటికీ దాన్ని కుకూ స్పిట్ అనే అంటారు. నిజానికి అది ఫ్రాగ్‌హాపర్ అనే చిన్న పురుగు పిల్ల చేసే పని. కాడలోని రసం పీల్చి, వదిలిన ద్రవంలోకి గాలి ఊది నురగ చేసి, ఎండిపోకుండా, పక్షుల కంట పడకుండా అందులో దాక్కుంటుంది.

అందరికీ ఈ పువ్వు శుభం కాదు. ఇంట్లోకి తెస్తే అరిష్టమని చాలాచోట్ల అనుకునేవారు. అది దేవకన్యల సొత్తని, మే నెల మొదటి రోజున పిల్లలు కట్టే పూలదండల్లో పొరపాటున ఇది కలిసినా ఆ దండను విప్పేసేవారని ఇంగ్లండ్ జానపద కథనాలు చెబుతాయి.

నాలుగు రేకులు, ఆరు కేసరాలు

పువ్వు వెడల్పు ఒకటి రెండు సెంటీమీటర్లకు మించదు. నాలుగు రేకులు శిలువ ఆకారంలో అమరి ఉంటాయి. రేకు లేత ఊదా, కొన్నిచోట్ల దాదాపు తెలుపు. దాని మీద ముదురు రంగు ఈనెలు మకరందం ఉన్న గొంతు వైపు దారి గీసినట్టు సాగుతాయి. లోపల పసుపు తలలతో ఆరు కేసరాలు: నాలుగు పొడవు, రెండు పొట్టి. ఇంటి పెరట్లో మొలిచిన ఆవ మొక్క పువ్వును, విత్తనానికి వదిలేసిన ముల్లంగి పువ్వును విప్పి చూసినా ఇదే లెక్క తేలుతుంది. క్యాబేజీ, కాలీఫ్లవర్ కూడా ఈ ఇంటివే. కాకపోతే మన వంటింటి ఆవ ఒక పంటకాలంలో పుట్టి, పండి, పోతుంది. కుకూ ఫ్లవర్ బహువార్షికం. మట్టిలో చిన్న దుంప వేరుతో ఏళ్ల తరబడి బతుకుతూ, ఏటా వసంతానికి కొత్త కాడ పైకి పంపుతుంది.

ఒకే మొక్కకు రెండు రకాల ఆకులుంటాయి. నేలకు పరుచుకున్న ఆకులకు గుండ్రటి చిట్టి రెక్కలు; కాడ మీది ఆకులకు సన్నటి, ఈటెలాంటి రెక్కలు. కింది ఆకులతో దీనికొక ఉపాయం ఉంది. రణపాల ఆకును మట్టి మీద పడేస్తే అంచుల నుంచి పిల్లమొక్కలు లేవడం తెలుగు పిల్లలందరూ చూసిందే. కుకూ ఫ్లవర్ కింది ఆకు కూడా తడి మట్టికి తగిలితే అలాగే వేరు వేసి పిల్లమొక్కను పుట్టిస్తుంది. వరదకు ఒక ఆకు తెగి కొట్టుకుపోయినా, అది ఆగినచోట కొత్త మొక్క లేవవచ్చు.

ఈ ఉపాయం ఉత్త ముచ్చట కాదు, దానికి అవసరం. ఈ పువ్వు తన పుప్పొడిని తాను ఒప్పుకోదు. తేనెటీగో, పూల మీద వాలే ఈగో మరో మొక్క పుప్పొడి తెచ్చి అంటిస్తేనే కాయ కడుతుంది. వసంతం చలిగా, వానగా గడిచి ఈగలు తిరగని ఏడు, ఆకు నుంచి పుట్టిన పిల్లలే వంశాన్ని నిలబెడతాయి.

కాయ సన్నగా, నిటారుగా, రెండు మూడు సెంటీమీటర్ల పొడవుంటుంది. పక్వానికి వచ్చాక దాని రెండు గోడలు ఒక్కసారిగా కింది నుంచి పైకి చుట్టుకుపోయి గింజల్ని విసిరేస్తాయి. మన దగ్గర పిల్లలు ఉమ్మితో తడిపి టప్‌మని పేల్చే టపాకాయల మొక్క గుర్తొస్తుంది. దీనికి చాలా దగ్గరి బంధువైన, ఒక్క ఏడే బతికే కార్డమైన్ హిర్సూటా కాయ మీద జర్మనీలోని కొలోన్ నగరపు మ్యాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆ గింజ సెకనులో వెయ్యో వంతు కూడా గడవకముందే, సెకనుకు 10 మీటర్ల వేగం అందుకుంటుందని లెక్క తేల్చారు. ఆ శక్తి కాయ ఎండిపోవడం వల్ల వచ్చింది కాదు. పచ్చిగా ఉన్న కాయ గోడల కణాల్లోని నీటి ఒత్తిడే విల్లును వంచి పెడుతుంది.

వృక్షశాస్త్రవేత్తలకు మరో తలనొప్పి కూడా ఈ మొక్క పెట్టింది. మనిషి కణంలో క్రోమోజోములు 46 అని బడిపిల్లలకూ తెలుసు. కుకూ ఫ్లవర్‌లో అవి ఒకచోట 16, మరోచోట 30, ఇంకోచోట 56, కొన్నిచోట్ల 90 పైమాటే. ఒక జాతి అనాలా, జాతుల గుంపు అనాలా అన్న వాదం అందుకే తెగకుండా సాగింది.

పోపులో ఆవ, రోట్లో ఆవ

ఇప్పుడు వంటింటికి వద్దాం. పోపులో చిటపటలాడిన ఆవగింజను నమిలితే కమ్మగా, కాస్త చేదుగా ఉంటుంది. ముక్కు అదరదు. అవే ఆవాలను ఎండుమిరపకాయతో కలిపి, నీళ్లు చిలకరిస్తూ పచ్చిగా నూరితే రోలు ముందు కూర్చున్న మనిషి కళ్ల వెంట నీళ్లు కారతాయి. పనసపొట్టు కూరో, అరటికాయ కూరో ఆవ పెట్టి వండే గోదావరి ఇల్లాలు ఆ ముద్దను కూర పొయ్యి మీద నుంచి దించాకే కలుపుతుంది. మంట మీద ఉండగా కలిపితే ఘాటు పోతుందని, చేదెక్కుతుందని ఆమెకు తెలుసు. ఆవకాయలో కూడా ఆవపిండి పచ్చిదే పడుతుంది.

ఒకే గింజ ఇలా రెండు రకాలుగా ప్రవర్తించడానికి కారణం, గింజలో ఘాటు తయారుగా లేకపోవడం. దానిలో రెండు సరుకులు వేరువేరు అరల్లో ఉంటాయి. ఒకటి గ్లూకోసినోలేట్ అనే గంధకం కలిసిన పదార్థం. దానికి వాసనే లేదు. రెండోది మైరోసినేజ్ అనే ఎంజైమ్. గింజ నలిగి, నీళ్లు తగిలి, రెండూ కలిసిన క్షణాన ఐసోథయోసైనేట్ అనే ఘాటైన నూనె పుడుతుంది. అది ఇట్టే ఆవిరవుతుంది కాబట్టే మిరప కారంలా నాలుక మీద నిలవకుండా నేరుగా ముక్కుకెక్కుతుంది. మన నరాల్లో మిరపకు ఒక తలుపు, ఆవకు మరో తలుపు ఉన్నాయి. ఆవ ఘాటుకు స్పందించే ద్వారం పేరు ట్రిపా-1 అని 2004 నాటికి శాస్త్రవేత్తలు గుర్తించారు. ఇక కాగిన నూనెలో పడ్డ ఆవగింజలో ఎంజైమ్ వేడికి చచ్చిపోతుంది. కలవాల్సిన రెండింట్లో ఒకటి లేకపోతే ఘాటు ఎక్కడిది?

మొక్క ఈ ఏర్పాటు మన కూర కోసం చేసుకోలేదు. ఆకును కొరికిన పురుగు నోట్లోనే మందు పేలాలని చేసుకుంది. కుకూ ఫ్లవర్ ఆకు నమిలినా ఇదే జరుగుతుంది. మొదట పచ్చి ఆకు రుచి, రెండు మూడు నమలుల తర్వాత ముల్లంగి ఘాటు. యూరప్ పల్లెల్లో వసంతపు లేత ఆకును ఆకుకూరగా, సలాడ్‌లో కలుపుకుని తినేవారు. తాజా కూరలు దొరకని చలికాలం తర్వాత, విటమిన్-సి ఉన్న ఆకు చిగుళ్ల జబ్బుకు మందుగానూ పనికొచ్చింది.

కాపలా పెడితే దొంగకు దారి తెలిసింది

వేలాది రకాల పురుగులు ఈ ఘాటు దెబ్బకు ఆవ కుటుంబం జోలికి రావు. కొన్ని మాత్రం దాన్నే వెతుక్కుంటూ వస్తాయి. క్యాబేజీ ఆకుల మీద బతికే తెల్ల సీతాకోకచిలుక గొంగళిపురుగులతో 1910లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎడ్వర్డ్ వెర్షాఫెల్ట్ అనే వృక్షశాస్త్రవేత్త ఒక పరీక్ష చేశాడు. ఆ పురుగులు మామూలుగా ముట్టని ఆకులకు ఆవ ఘాటుకు మూలమైన సినిగ్రిన్ పూసి పెట్టాడు. అవి తినడం మొదలుపెట్టాయి. పూయకపోతే ఆకలితో ఉన్నా మూతి తిప్పుకున్న ఆకులే అవి. పురుగులు చూసుకునేది తిండి బలాన్ని కాదు, ఆ ఘాటు గుర్తునని దానితో తేలింది.

1964లో పాల్ ఎర్లిక్, పీటర్ రేవెన్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు ఇలాంటి ఉదాహరణలన్నీ పోగేసి, మొక్క కొత్త విషం తయారుచేయడం, ఏదో ఒక పురుగు దాన్ని దాటడం, మళ్లీ మొక్క ఇంకో విషం వెతకడం కోట్ల ఏళ్లుగా సాగుతున్న పోటీ అని చెప్పారు. సహపరిణామం అన్న మాట జీవశాస్త్రంలో గట్టిగా నాటుకున్నది ఆ వ్యాసం తర్వాతే. దాటడం ఎలాగన్నది 2004లో జర్మనీలోని యేనా పరిశోధకులు తేల్చారు. తెల్ల సీతాకోకచిలుకల గొంగళిపురుగు పేగులో ఒక ప్రోటీన్ ఉంది. ఆకు నలిగి రెండు సరుకులూ కలిసినా, ఘాటు నూనె పుట్టకుండా అది రసాయన చర్యను వేరే దారికి మళ్లిస్తుంది. చివరికి తయారయ్యేది పురుగుకు పెద్దగా హాని చేయని పదార్థం.

ఆ తెల్ల సీతాకోకచిలుకల కుటుంబానికే చెందినది చెషైర్ పచ్చికలో నారింజ గుడ్డు పెట్టిన సీతాకోకచిలుక. పేరు ఆరెంజ్ టిప్. శాస్త్రీయ నామం ఆంథోకారిస్ కార్డమినిస్. మొక్కకు పేరు పెట్టిన ఐదేళ్లకు లినేయస్ ఈ సీతాకోకచిలుకకు కూడా ఆ మొక్క పేరే తగిలించాడు.

మగది తెల్లటి రెక్కలకు చివర నారింజ రంగులో ముంచి తీసినట్టుంటుంది. ఆడదానికి ఆ రంగు లేదు, రెక్క చివర బూడిద నలుపు మాత్రమే. రెక్కలు మూస్తే రెండింటికీ అడుగున నాచులాంటి ఆకుపచ్చ మరకలు కనిపిస్తాయి. భూతద్దం పెట్టి చూస్తే అక్కడ ఆకుపచ్చ పొలుసు ఒక్కటీ ఉండదు. పసుపు పొలుసులు, నల్ల పొలుసులు పక్కపక్కన పేర్చి ఉంటే మన కన్ను వాటిని కలిపి ఆకుపచ్చ అనుకుంటుంది.

ఆడది ఎండ పడే చోట, గుత్తిగా పూసిన మొక్కను ఎంచుకుని, ఆవ కుటుంబపు ఘాటు గుర్తుతో దాన్ని పోల్చుకుని, తొడిమ మీద ఒక గుడ్డు పెట్టి ఎగిరిపోతుంది. మొదటి ప్రశ్నకు జవాబు ఆ గుర్తే. పెట్టినప్పుడు గుడ్డు తెల్లగా ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లో నారింజ రంగుకు తిరుగుతుంది. పెడుతూ పెడుతూ ఇంకో ఆడది రాకుండా వాసన గుర్తు కూడా వదులుతుంది. ఇంత జాగ్రత్తకు కారణం పొదిగి బయటికొచ్చే పిల్ల స్వభావం. అది మొట్టమొదట తన గుడ్డు పెంకును తింటుంది. పక్కన ఇంకో గుడ్డుంటే దాన్నీ తింటుంది. తనకంటే చిన్న పురుగు ఎదురైతే దాన్ని కూడా వదలదు. ఒక మొక్కకు కాసే కాయలు ఒక పురుగు పెరగడానికే బొటాబొటిగా సరిపోతాయి. గుత్తికి ఒకే గుడ్డు ఎందుకన్న రెండో ప్రశ్నకు జవాబు ఇదే.

ఈ గొంగళిపురుగు ఆకు కంటే కాయనే ఎక్కువ ఇష్టపడుతుంది. ఒక చివర నుంచి మొదలుపెట్టి పచ్చి కాయను చెరకు గడలా నములుకుంటూ పోతుంది. కాయ మీద పొడవుగా పడుకుంటే దాని ఆకుపచ్చ ఒళ్లు, పక్కన తెల్లటి చార కాయతో కలిసిపోతాయి. చూపు నిలిపి వెతికినా ఏది కాయో ఏది పురుగో తేలడం కష్టం. మొక్క నష్టపోయేది గింజల్నే. అలాంటి ఏడు కూడా తడి మట్టికి తగిలిన ఆ గుండ్రటి ఆకులు అక్కరకొస్తాయి.

మునగచెట్టు, ఆదొండ పొద

కుకూ ఫ్లవర్ చలి దేశాల చిత్తడి మొక్క. తెలుగునేల మీద పెరగదు, అందుకే దానికి తెలుగు పేరూ లేదు. కానీ దాని ఆయుధం మాత్రం మన పెరట్లో అడుగడుగునా ఉంది. ఆవ కుటుంబం బ్రాసికేల్స్ అనే ఒక పెద్ద వంశంలో భాగం. ఆ వంశంలో మునగ ఉంది, బొప్పాయి ఉంది, చేలగట్ల మీద మొలిచే వామింట ఉంది, ఆదొండ పొద ఉంది, ఉలిమిరి చెట్టు ఉంది. గ్లూకోసినోలేట్లు వీటన్నిటికీ ఉమ్మడి ఆస్తి. బొప్పాయి గింజ కొరికితే మిరియాల ఘాటు తగలడం, మునగ వేరు నలిపితే ముక్కు అదరడం అందుకే. వలసపాలన రోజుల్లో ఇండియాలోని ఇంగ్లిష్ దొరలు తమ దేశపు హార్స్‌రాడిష్ అనే ఘాటు దుంప దొరక్క, మునగ వేరును కోరి మాంసంలోకి నంజుకునేవారు. ఇంగ్లిష్‌లో మునగకు హార్స్‌రాడిష్ ట్రీ అన్న పేరు అలా వచ్చిందే.

ఘాటు ఉన్నచోట దాన్ని వెతుక్కునే సీతాకోకచిలుకలూ ఉంటాయి. తూర్పు కనుమల్లో తిరిగే గ్రేట్ ఆరెంజ్ టిప్ అరచేయంత పెద్దది, తెల్లటి రెక్కల చివర నారింజ పట్టీతో చటుక్కున చూపు లాగేస్తుంది. పేరు, రంగు, కుటుంబం చెషైర్ సీతాకోకచిలుకవే. ఇక్కడ కుకూ ఫ్లవర్ లేదు కాబట్టి దీని పిల్లలు ఆదొండ జాతి పొదల మీద, ఉలిమిరి చెట్ల మీద పెరుగుతాయి.

రైతుకు ఈ సంగతి తోటలోనే ఎదురవుతుంది. క్యాబేజీకి పెద్ద శత్రువు డైమండ్ బ్యాక్ మాత్ అనే చిన్న రెక్కల పురుగు. అది కూడా ఆవ ఘాటు పట్టుకునే వస్తుంది. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ ఆ గుణాన్నే దాని మీదికి తిప్పింది. క్యాబేజీ 25 వరుసలకు అటూ ఇటూ ఆవ వరుసలు వేయమంది. ఒక వరుస క్యాబేజీ నాటడానికి ముందు, మరొకటి నాటిన తర్వాత విత్తుకుంటే పంటకాలమంతా లేత ఆవ అందుబాటులో ఉంటుంది. తల్లి పురుగు క్యాబేజీ కంటే ఆవనే ఎక్కువ మెచ్చి గుడ్లు అక్కడ పెడుతుంది. మందు కొట్టాల్సింది ఆ కొద్ది వరుసలకే. రైతులు దీన్ని ఎర పంట అంటారు.

తప్పు తలుపు

వాసనను నమ్ముకుని వచ్చే ప్రాణికి ఒక ప్రమాదం ఉంది: అదే వాసనతో వేరే ఇల్లు వెలిస్తే? అమెరికా తూర్పు అడవుల్లో అదే జరిగింది. అక్కడ కుకూ ఫ్లవర్‌కు అక్కచెల్లెళ్లయిన టూత్‌వర్ట్ అనే మొక్కలున్నాయి. అవీ బహువార్షికాలే, అవీ కార్డమైన్ ప్రజాతివే. చెట్లు ఇంకా ఆకులు తొడగని తొలి వసంతంలో, నేల మీద ఎండ పడే కొద్ది వారాల్లో పూసి మాయమైపోతాయి. వెస్ట్ వర్జీనియా వైట్ అనే సీతాకోకచిలుక వాటి మీదే ఆధారపడి బతుకుతుంది.

యూరప్ నుంచి వలస వచ్చినవాళ్లు తిండికీ మందుకూ వెంట తెచ్చుకున్న గార్లిక్ మస్టర్డ్ అనే మొక్క 1868లో న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలండ్‌లో నమోదైంది. ఆకు నలిపితే వెల్లుల్లి వాసన వస్తుంది. ఇవాళ న్యూజెర్సీ, పెన్సిల్వేనియా అడవి బాటల్లో ఏప్రిల్‌లో నడకకు వెళ్లే తెలుగు కుటుంబాలకు కూడా బాట పక్కన గుబురుగా, తెల్లటి చిన్న పూలతో కనిపించేది అదే. ఇంగ్లండ్‌లో ఆరెంజ్ టిప్‌కు కుకూ ఫ్లవర్ తర్వాత రెండో ఇల్లు ఈ మొక్క. దాని మీద పిల్లలు చక్కగా పెరుగుతాయి. అమెరికా సీతాకోకచిలుకకు మాత్రం ఇది ఉచ్చు. ఆవ కుటుంబపు గుర్తు తగలగానే తల్లి నమ్మి గుడ్లు పెడుతుంది. పొదిగిన పిల్లలు ఆ కొత్త మొక్కలోని రసాయనాలను తట్టుకోలేక చచ్చిపోతాయి. యూరప్ సీతాకోకచిలుకకు ఆ మొక్కతో తరతరాల సహవాసం ఉంది. అమెరికాదానికి దొరికిన వ్యవధి నూటయాభై ఏళ్ల పైచిలుకు మాత్రమే.

కోత ఎప్పుడు?

ఇంగ్లండ్‌లో కుకూ ఫ్లవర్ అంతరించే స్థితిలో ఏమీ లేదు. వాగు ఒడ్డున, రోడ్డు పక్క కాలవల్లో, పాత చర్చి పచ్చికల్లో ఇంకా పూస్తూనే ఉంది. కానీ అది బయలు నిండా పరుచుకునే చోట్లు తగ్గిపోయాయి. పాతకాలపు ఎండుగడ్డి మైదానంలో కోత జులైలో పడేది. అప్పటికి కుకూ ఫ్లవర్ పూసి, కాసి, గింజ విసిరి తన పని ముగించుకునేది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆహారోత్పత్తి పెంచాలని చిత్తడి నేలల్లో మురుగు కాలువలు తవ్వారు, ఎరువులు చల్లి ఒకే రకం గడ్డి పెంచారు, పశువులకు పాతర గడ్డి కోసం మే నెలలోనే మొదటి కోత కోయసాగారు. 1930ల నుంచి 1980ల మధ్యకల్లా ఇంగ్లండ్, వేల్స్‌లలో పూల మైదానాలు 97 శాతం పోయాయని లెక్క. పువ్వుకు పేరిచ్చిన కుకూ కూడా 2009 నుంచి బ్రిటన్‌లో ప్రమాదంలో ఉన్న పక్షుల ఎర్ర జాబితాలో ఉంది.

మిగిలిన చోట్లను కాపాడటానికి ప్లాంట్‌లైఫ్ 2019లో 'నో మో మే' అనే ప్రచారం మొదలుపెట్టింది. మే నెలంతా ఇంటి ముందు పచ్చికను కోయకుండా వదిలేయమని దాని విన్నపం. లాన్ కొంచెం తడిగా ఉన్న ఇళ్లలో, ఏళ్లుగా మిషన్ కింద అణగి ఉన్న ఆకుల నుంచి కుకూ ఫ్లవర్ కాడలు పైకి లేచాయంటే ఆశ్చర్యం లేదు. నేలకు కరుచుకున్న ఆ చిన్న ఆకుల చుట్టుకు బ్లేడు తగలదు; పైకి లేచిన కాడే ఇన్నాళ్లూ తెగిపోతూ వచ్చింది.

మొక్కకు మే ఒక్క నెల వదిలినా చాలావరకు గట్టెక్కుతుంది. ఆరెంజ్ టిప్ లెక్క వేరు. మేలో పెట్టిన గుడ్డు నుంచి వచ్చిన గొంగళిపురుగు జూన్‌లో కాయలు తింటూ ఉంటుంది. జూన్ ఒకటో తేదీన మిషన్ నడిపితే కాడతో పాటు అదీ పోతుంది. జూన్ చివరికో జులై మొదటికో అది కుకూ ఫ్లవర్‌ను వదిలి, కంచె పక్కన గట్టిగా నిలబడే మరో మొక్క కాడను వెతుక్కుంటుంది. నడుముకు ఒక పట్టుదారం కట్టుకుని, ఆ కాడకు ఆనుకుని ప్యూపాగా మారుతుంది. రెండు చివర్లా మొనదేలి, ఎక్కువగా ఎండుటాకు రంగులో ఉంటుంది. అక్కడి నుంచి మళ్లీ ఏప్రిల్ దాకా, దాదాపు పది నెలలు కదలదు. శరత్కాలపు గాలి, డిసెంబరు మంచు, ఫిబ్రవరి వాన అన్నీ ఆ ఒక్క దారం మీదే గడుస్తాయి. ఈలోగా చలికాలంలో కంచెలు శుభ్రం చేసేవాళ్లు వస్తారు. ఎండిన కాడలు నరికి పోగుపెట్టే వాళ్ల కంటికి అది ఎండిపోయిన ముల్లులాగే ఉంటుంది.